డాలస్ శివారులోని ఒక పిల్లల సహాయ కేంద్రం: తొలి నమోదు సేవలపై నా సమీక్ష

అమెరికాలో హింసకు గురైన పిల్లలకు సాయపడే, చిల్డ్రన్స్ అడ్వొకసీ సెంటర్ అని పిలిచే చోటికి వెళ్లవలసిన అవసరం ఏ కుటుంబానికీ రాకూడదు గాని, వచ్చినప్పుడు అక్కడ ఏం జరుగుతుందో మన భాషలో చెప్పేవారు లేక మాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబం పడిన అవస్థను దగ్గరుండి చూశాను కనుక ఇది రాస్తున్నాను. కేంద్రం పేరు, ఊరి పేరు, బిడ్డ వయసు చెప్పను. ఏం జరిగిందన్నది అసలే చెప్పను. నేను చెప్పదలచినదల్లా అక్కడి ఇంటేక్ కోఆర్డినేటర్ పని గురించి, అంటే పోలీసుల నుంచో, పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ విభాగమైన సీపీఎస్ నుంచో కేసు అందినప్పటి నుంచి బిడ్డ ఆ గుమ్మంలో అడుగుపెట్టేవరకు ఏర్పాట్లన్నీ కుదిర్చే మనిషి గురించి. కేంద్రం మంచిదా కాదా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుందని మూడుసార్లు వెళ్లివచ్చాక నాకు అర్థమైంది.

ఈ కేంద్రాల పుట్టుక అలబామాలోని హంట్స్‌విల్‌లో జరిగింది. హింసకు గురైన బిడ్డ అదే సంగతిని పోలీసుకు ఒకసారి, సీపీఎస్ ఉద్యోగికి ఒకసారి, డాక్టరుకు ఒకసారి, ప్రాసిక్యూటరుకు మరోసారి చెప్పుకోవలసి రావడం చూసి, వీళ్లందరినీ బిడ్డ ఉన్నచోటికే రప్పించాలన్న ఆలోచనతో అక్కడి జిల్లా ప్రాసిక్యూటర్ రాబర్ట్ క్రేమర్ 1985లో మొదటి కేంద్రానికి శ్రీకారం చుట్టారు. ఇప్పుడు దేశమంతటా ఇటువంటివి 900కు పైగా ఉన్నాయి. నేషనల్ చిల్డ్రన్స్ అలయన్స్ అనే సంస్థ ప్రమాణాలు నిర్ణయించి, ప్రతి 5 ఏళ్లకు మళ్లీ పరిశీలించి గుర్తింపు ఇస్తుంది. మేము వెళ్లిన కేంద్రానికి ఆ గుర్తింపు ఉంది. బిడ్డకు గాని తల్లిదండ్రులకు గాని అక్కడ ఒక్క డాలరు ఖర్చు కాలేదు.

తల్లికి మొదటి ఫోన్ వచ్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. కోఆర్డినేటర్ తన పేరు, తన పని చెప్పి, జరిగిన సంగతి గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. బిడ్డ ఇంట్లో ఏ భాష మాట్లాడుతుంది, బడిలో ఏ భాష, మధ్యాహ్నం నిద్రపోతుందా, ఏ తిండి పడదు, మూసిన గదిలో కొత్తవాళ్లతో కూర్చోగలదా, తోడుగా ఎవరు వస్తారు, కారు ఎవరు నడుపుతారు అని వరుసగా అడిగింది. కారు నడిపే మనిషి గురించి ఎందుకని మేము తెల్లబోయాము. అనుమానితుడో, అతని పక్షం వహించే బంధువో బిడ్డను అక్కడికి తీసుకురాకూడదన్నది ఆ ప్రశ్న వెనుక ఉన్న జాగ్రత్త అని తరువాత తెలిసింది. బిడ్డ మధ్యాహ్నం నిద్రపోతుందని చెప్పినందువల్ల బిడ్డతో మాట్లాడేందుకు ఉదయం 10 గంటల సమయం ఖాయం చేసి, ఆ గంటకే డిటెక్టివ్‌ను, సీపీఎస్ ఉద్యోగిని, ప్రాసిక్యూటర్ కార్యాలయం మనిషిని కూడా కుదిర్చింది. ముగ్గురు ప్రభుత్వోద్యోగుల సమయాలను ఒక పసిబిడ్డ నిద్రకు తగ్గట్టు సర్దడం మాటలు కాదు.

ఆమె చేసిన హెచ్చరిక ఒకటి ప్రతి తల్లీ తెలుసుకోదగినది. బిడ్డను ఈ లోపల గుచ్చిగుచ్చి అడగవద్దని, ఏం చెప్పాలో నేర్పవద్దని, తానుగా ఏమైనా చెబితే మొహంలో భయం కనబడనీయకుండా విని, అన్న మాటలను అన్నట్టుగానే కాగితం మీద రాసుకోమని చెప్పింది. మన ఇళ్లల్లో ఇది కష్టం. అమ్మమ్మ, నాయనమ్మ, పెద్దమ్మ తలా ఒక ప్రశ్న వేయకుండా ఉండలేరు. హైదరాబాదు నుంచి వీడియో కాల్ చేసే పెద్దలను కేంద్రానికి వెళ్లేలోపు ఉన్న రెండు రోజులూ ఆపడానికి ఆ తల్లి ఫోన్ పాడైందని అబద్ధం చెప్పవలసి వచ్చింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆమె అడిగిన వరసల పట్టిక. బిడ్డ ఎవరిని ఏమని పిలుస్తుందో, శరీర భాగాలకు ఇంట్లో ఏ మాటలు వాడతారో రాసి పంపమని అడిగింది. తెలుగు పిల్లల విషయంలో ఇది ఎంత అవసరమో ఆమెకు పూర్తిగా తెలిసి ఉండదు. మామయ్య అంటే తల్లి తమ్ముడు కావచ్చు, మేనత్త భర్త కావచ్చు, పై అంతస్తులో ఉండే నాన్న స్నేహితుడు కావచ్చు. తాతయ్యలు ఇద్దరు సొంతవాళ్లు కాగా మిగిలినవాళ్లకు లెక్కే లేదు. వీటన్నిటినీ అంకుల్, గ్రాండ్‌ఫాదర్ అని ఇంగ్లీషులోకి దింపేస్తే, సంబంధం లేని మనిషి మీదికి అనుమానం పోవచ్చు, పోవలసిన మనిషి తప్పుకోవచ్చు. మొన్న అన్న మాట కూడా అంతే. పెద్దలకే అది నిన్నటి ముందు రోజు కావచ్చు, పోయిన వేసవీ కావచ్చు. మేము పేరు, వరస, ఏ ఇంట్లో ఉంటారు అన్న మూడు గడులతో పట్టిక తయారుచేసి పంపితే, బిడ్డను ఇంటర్వ్యూ చేసే ఆమె ముందుగానే చదువుకుని వచ్చింది.

ఇంటర్వ్యూ రోజు నేను దుబాసీగా ఉపయోగపడతానని బయలుదేరాను. కోఆర్డినేటర్ గుమ్మం దగ్గరే మర్యాదగా కాదన్నది. కుటుంబానికి తెలిసినవారు మధ్యలో నిలబడి అనువదిస్తే బిడ్డ మొహమాటపడవచ్చునని, రేపు కోర్టులో ఆ అనువాదం నిలవకపోవచ్చునని ఆమె చెప్పిన కారణం విన్నాక నాకు కలిగిన చిన్నబుచ్చుకోలు పోయింది. కోర్టుకు పనికొచ్చేలా బిడ్డ మాటలు నమోదు చేసే ఫోరెన్సిక్ ఇంటర్వ్యూ గదిలోకి తల్లిదండ్రులను కూడా రానివ్వరు. శిక్షణ పొందిన ఒక్క మనిషి బిడ్డతో మాట్లాడుతుంది, అదంతా వీడియోలో నమోదవుతుంది, మిగిలిన అధికారులు వేరే గదిలో కూర్చుని చూస్తారు. వేచి ఉండే హాలులో తమ్ముడిని ఆడించడానికి ఒక వాలంటీరు ఉన్నాడు. హాలు శుభ్రంగా ఉంది గాని ఏసీ చలి భరించరానిది, స్వెటర్ తీసుకెళ్లడం మంచిది.

ఇక లోపాలు. సమాఖ్య ప్రభుత్వ నిధులు పొందే సంస్థలు ఇంగ్లీషు అంతగా రానివారికి భాషా సహాయం ఉచితంగా కల్పించాలన్న బాధ్యత 1964 నాటి పౌర హక్కుల చట్టం నుంచి వచ్చినదే. కేంద్రం ఆ బాధ్యతను కాదనలేదు, కాని తెలుగు దుబాసీ కావాలని అడిగితే ఒప్పందంలో ఉన్న కంపెనీ హిందీ వచ్చిన మనిషిని కేటాయించింది. ఇండియా అంటే హిందీ అనుకునే అలవాటు అక్కడ ఇంకా పోలేదు. మేము ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి నిర్ధారించుకున్నందువల్ల సరిపోయింది గాని, లేకుంటే బిడ్డను తయారుచేసి తీసుకెళ్లి, ఉత్త చేతులతో తిరిగి రావలసి వచ్చేది. ఎంత చక్కగా సమయాలు సర్దినా ఈ ఒక్క తనిఖీ కోఆర్డినేటర్ చేయవలసినదే, మేము చేయవలసినది కాదు.

అక్కడ ఇచ్చిన తెలుగు ఫారం మరీ అన్యాయం. యంత్రం చేత అనువాదం చేయించినట్టున్నారు, ఫ్యామిలీ అడ్వకేట్ అన్నచోట కుటుంబ న్యాయవాది అని రాసి ఉంది. అడ్వకేట్ అంటే మన కళ్లకు కట్టేది నల్లకోటు. తల్లి ఆ మాట చదివి, తమ మీదే కేసు పెట్టారేమోనని, ఫీజు ఎంత అడుగుతారోనని, హెచ్1బీ వీసా ఏమవుతుందోనని వణికిపోయింది. నిజానికి ఆ ఉద్యోగి పని కుటుంబానికి తోడుగా ఉండటం, కేసు ఏ దశలో ఉందో చెప్పడం, టెక్సస్ ప్రభుత్వం నేరబాధితులకు ఇచ్చే పరిహార నిధికి దరఖాస్తు చేయించడం. వీసా గురించి ఎవరూ ఒక్క ముక్క అడగలేదు.

ఇంటర్వ్యూ తరువాత కోఆర్డినేటర్ చేతిలోంచి ఫ్యామిలీ అడ్వకేట్ చేతికి ఫైలు మారే దగ్గర ఒక అగాధం ఉంది. 9 రోజులు ఎవరి నుంచీ ఫోన్ రాలేదు. ఆ తొమ్మిది రోజులూ ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందంటే పక్కింటివాళ్ల చలవే. కౌన్సెలింగ్‌కు వరుసలో చోటు దొరకడానికి మరికొన్ని వారాలు పట్టింది. చెప్పడానికి కొత్త సంగతి లేకపోయినా, లేదని చెప్పడానికైనా ఒక ఫోన్ చేయవచ్చు కదా.

హైదరాబాదులో నగర పోలీసులు 2016లో ప్రారంభించిన భరోసా కేంద్రం కూడా ఈ ఆలోచన మీద నిలిచినదే. పోలీసు, కౌన్సెలింగ్, వైద్యం, న్యాయ సహాయం ఒకే చోట అందేలా దాన్ని ఏర్పాటు చేశారు. 2018లో పిల్లల కోసం ప్రత్యేక కోర్టు కూడా దానికి జతపడింది. మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం 24వ సెక్షన్ ప్రకారం బిడ్డ వాంగ్మూలాన్ని బిడ్డ ఉండే ఇంట్లోనో, బిడ్డకు ఇష్టమైన చోటో నమోదు చేయాలి, ఆ సమయంలో అధికారి యూనిఫారంలో ఉండరాదు. అవసరమైతే దుబాసీ సహాయం తీసుకోవడానికి 26వ సెక్షన్ వీలు కల్పించింది. అమెరికా కేంద్రాల గురించి పెద్దలకు చెప్పేటప్పుడు నేను భరోసా పేరు ఎత్తగానే వాళ్లకు విషయం ఇట్టే అర్థమైంది. ఇండియాలో ఉన్నవారు పిల్లల విషయంలో సహాయానికి 1098కి ఫోన్ చేయవచ్చు. టెక్సస్‌లో అయితే ఒక బిడ్డ హింసకు గురవుతున్నదని అనుమానించే కారణం ఉన్న ఎవరైనా ఫిర్యాదు చేసి తీరాలని చట్టం చెబుతోంది, అది టీచర్లకు, డాక్టర్లకు మాత్రమే అనుకోవద్దు.

5 నక్షత్రాలకు 4 ఇస్తున్నాను. ఆ ఒక్కటీ తగ్గించింది దుబాసీ గందరగోళానికి, ఆ తొమ్మిది రోజుల మౌనానికి. ఫారంలోని తప్పులను వరుసగా గుర్తించి, సరైన తెలుగు మాటలతో కోఆర్డినేటర్‌కు ఈమెయిల్ పంపాను. వారం తిరగకముందే జవాబు వచ్చింది. మూడోసారి వెళ్లినప్పుడు బల్ల మీద ఉన్న కొత్త ఫారంలో న్యాయవాది అన్న మాట లేదు, కుటుంబానికి తోడుగా ఉండే ఉద్యోగి అని ఉంది.