ఫీజు షీటులో కనిపించని 750 గంటలు: అమెరికా ఆన్‌లైన్ నర్సింగ్ కాలేజీపై సమీక్ష

క్లినికల్స్ (పేషెంట్ల దగ్గర చేసే శిక్షణ) చేయించే ప్రిసెప్టర్‌ను, అంటే దగ్గరుండి పని నేర్పే వైద్య నిపుణుణ్ని, విద్యార్థే వెతుక్కోవాలి. ఈ ఒక్క నిబంధన మీద కోపం చదువు పూర్తయ్యాక కూడా తగ్గలేదు. లాభం కోసం నడిచే ఈ ఆన్‌లైన్ కాలేజీలో మొదట ఆర్‌ఎన్-టు-బీఎస్‌ఎన్ (లైసెన్సున్న నర్సులు చేసే నర్సింగ్ డిగ్రీ), తర్వాత ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ (అన్ని వయసులవాళ్లకూ ప్రాథమిక వైద్యం చేసే నర్సు) ఎంఎస్‌ఎన్, అంటే నర్సింగ్ మాస్టర్స్, చేసి రాస్తున్న సమీక్ష ఇది. సిలబస్, క్రెడిట్‌కి ఎంత అనే వివరాలు వెబ్‌సైట్‌లో ఎవరికైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను.

2022 నాటి జాతీయ ప్రమాణాల ప్రకారం నర్స్ ప్రాక్టీషనర్ కోర్సులో కనీసం 750 గంటలు నేరుగా పేషెంట్లను చూడాలి. వారానికి రెండు రోజులు, రోజుకు 8 గంటలు క్లినిక్‌కి వెళ్తే దాదాపు 47 వారాలు పడుతుంది. హాస్పిటల్లో వారానికి మూడు 12 గంటల షిఫ్టులు చేసేవాళ్లలో చాలామంది అందుకోసం ఒక షిఫ్టు వదులుకుంటారు. జీతం గంటకు 40 డాలర్లు అనుకుంటే ఆ 47 వారాల్లో పోయేది 22,560 డాలర్లు. రెండు కాలేజీల ట్యూషన్ పోల్చి చూసేవాళ్లు ఈ అంకెను లెక్కలోకే తీసుకోరు. షిఫ్టు తగ్గి పార్ట్‌టైమ్ కిందికి వస్తే ఆఫీసు ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ కూడా మారొచ్చు.

ఆ గంటలు మొదలవ్వాలంటే ముందు డాక్టరో, నర్స్ ప్రాక్టీషనరో ఒప్పుకోవాలి. వాళ్ల లైసెన్సు, సీవీ కాలేజీకి పంపాలి. కాలేజీకీ క్లినిక్‌కీ మధ్య అఫిలియేషన్ అగ్రిమెంట్ (విద్యార్థులను తీసుకునే ఒప్పందం) సంతకం కావాలి. ఇది కాక విద్యార్థి వైపు నుంచి టీకాల టైటర్లు (రోగనిరోధకత చూపే రక్తపరీక్షలు), టీబీ పరీక్ష, బీఎల్‌ఎస్ (ప్రాణరక్షణ శిక్షణ) కార్డు, డ్రగ్ స్క్రీన్, బ్యాక్‌గ్రౌండ్ చెక్. విద్యార్థి వైపు పనులన్నీ ఎవరికి వాళ్లు పూర్తి చేసుకునేవే. బండి ఆగేది అగ్రిమెంట్ దగ్గరే. చిన్న సొంత క్లినిక్ అయితే డాక్టరే సంతకం పెట్టేస్తారు, పెద్ద గ్రూపు అయితే కాగితం వాళ్ల లీగల్ డిపార్ట్‌మెంట్‌లో నెలల తరబడి ఉంటుంది. టర్మ్ గడువులోగా రాకపోతే కాలేజీ ఆ కోర్సు నుంచి తీసేస్తుంది.

ఈ కోర్సులో దెబ్బ పడింది పీడియాట్రిక్స్‌లో. పెద్దల ప్రైమరీ కేర్‌కి ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. పిల్లలకూ, మహిళా ఆరోగ్యానికీ ప్రిసెప్టర్లు తక్కువ, ఉన్నవాళ్లు స్థానిక యూనివర్సిటీ విద్యార్థులకే మొదటి చోటు ఇస్తారు. ఒక పిల్లల క్లినిక్ ఒప్పుకుంది, అగ్రిమెంట్ కూడా అయ్యింది. టర్మ్ మొదలయ్యే ముందు ఆ క్లినిక్‌ను ఒక హాస్పిటల్ గ్రూపు కొనేసింది. పాత యజమాని సంతకం చెల్లదన్నారు, కొత్త గ్రూపు బయటి కాలేజీల విద్యార్థులను తీసుకోబోమంది. కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసు నుంచి వచ్చింది క్లినిక్‌ల ఫోన్ నంబర్ల జాబితా మాత్రమే, అందులో చాలా నంబర్లు పాతవి. నర్సింగ్ ప్రోగ్రామ్‌లకు గుర్తింపునిచ్చే సీసీఎన్‌ఈ అనే సంస్థ ప్రమాణాల్లో తగినన్ని క్లినికల్ సైట్లు ఉండేలా చూసే బాధ్యత ప్రోగ్రామ్‌దే అని ఉంది. ఆ మాట ఎత్తి రాతపూర్వకంగా అడిగాకే ఆఫీసు నిజంగా కదిలింది. టర్మ్ మాత్రం పోయింది.

టర్మ్ పోతే నష్టం అక్కడితో ఆగదు. ఫెడరల్ (అమెరికా ప్రభుత్వ) లోన్ మీద చదివేవాళ్ల క్రెడిట్లు హాఫ్‌టైమ్ కన్నా తగ్గితే ఆరు నెలల గ్రేస్ పీరియడ్ (వాయిదాలు కట్టనక్కర్లేని గడువు) గడియారం మొదలవుతుంది. అది పూర్తిగా గడిచిపోతే వాయిదాలు కట్టాల్సిందే, ఆ లోన్లకు మళ్లీ గ్రేస్ రాదు. టర్మ్ మధ్యలో ప్రిసెప్టర్ వదిలేస్తే ఇంకా కష్టం. 60 శాతం గడవకముందే మానేస్తే లోన్‌లో కొంత ప్రభుత్వానికి వెనక్కి వెళ్తుంది, కాలేజీ బాకీ మన మీద నిలుస్తుంది.

“మనవాళ్లలో ఇంతమంది డాక్టర్లున్నారు కదా” అని తెలుగు కుటుంబాల్లో అందరూ అంటారు. నిజమే, ఒకరిద్దరు పెద్ద మనసుతో చేర్చుకున్నారు కూడా. కానీ మనకు పరిచయమున్నవాళ్లు ఎక్కువగా ఇంటర్నల్ మెడిసిన్ (పెద్దలకు వైద్యం చేసే ఇంటర్నిస్టులు), లేదా హాస్పిటలిస్టులు (హాస్పిటల్లో చేరిన పేషెంట్లను చూసేవాళ్లు). ఇంటర్నిస్టు దగ్గరికి పిల్లలు రారు. హాస్పిటల్ వార్డులో గడిపిన గంటలను ఫ్యామిలీ ప్రాక్టీసు కింద కాలేజీ లెక్కించలేదు. బంధువులను ప్రిసెప్టర్లుగానూ ఒప్పుకోలేదు. అడిగేముందు ఆ డాక్టర్ దగ్గరికి ఏ వయసువాళ్లు వస్తారో తెలుసుకోండి. ఇంట్లో వాళ్ల ఉద్యోగం కోసం రాష్ట్రం మారే అవకాశముంటే మరీ జాగ్రత్త. కొత్త రాష్ట్రంలో ఆ ప్రోగ్రామ్ లైసెన్సుకు పనికొస్తుందో లేదో చూడాలి, అగ్రిమెంట్లు మళ్లీ మొదటి నుంచి.

ఇక ఫలితాలు. సర్టిఫికేషన్ పరీక్షలో పాస్ శాతం బాగుందని అడ్మిషన్ల సలహాదారు మొదటి కాల్‌లోనే చెప్తారు. ఆ అంకె తప్పు కాదు. కాకపోతే క్లినికల్స్ దాటి పరీక్ష రాసినవాళ్లే అందులో ఉంటారు. పీడియాట్రిక్స్ దగ్గర ఆగిపోయి మానేసినవాళ్లు ఆ భాగహారంలోకే రారు. అడగాల్సింది వేరే ప్రశ్న: మొదటి క్లినికల్ కోర్సులో చేరినవాళ్లలో ఎంతమంది అనుకున్న సమయానికి బయటికొచ్చారు? కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో బీఎస్‌ఎన్ సంపాదన చూసి కూడా పొంగిపోనక్కర్లేదు. ఆర్‌ఎన్-టు-బీఎస్‌ఎన్‌లో చేరేవాళ్లు అప్పటికే జీతం తెచ్చుకుంటున్న నర్సులు. ఆ జీతం కాలేజీ తెచ్చిపెట్టింది కాదు.

బీఎస్‌ఎన్ అయ్యాక ఈ కాలేజీని చాలామందికి సిఫారసు చేశాను. ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోవడం లేదు. మన దగ్గర జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి ఎన్‌క్లెక్స్ (అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష) రాసి వచ్చినవాళ్లకు ఆ కోర్సు బాగానే సరిపోతుంది. డిప్లొమాకు కోర్సుల వారీ మూల్యాంకనం చేయించి, స్టాటిస్టిక్స్, ఇంగ్లిష్ లాంటివి ముందే కమ్యూనిటీ కాలేజీలో తక్కువ ఖర్చుతో పూర్తిచేసుకుంటే బిల్లు బాగా తగ్గుతుంది. అయితే అది సాఫీగా సాగింది ప్రిసెప్టర్ కోసం తిరిగే పని లేదు కాబట్టి. అదే నమ్మకంతో ఎంఎస్‌ఎన్‌లోకి వెళ్లకూడదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నదాన్ని బట్టి కూడా తీర్పు మారుతుంది. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబసభ్యుల వీసా) మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ లోన్ రాదు. పూర్తిగా ఆన్‌లైన్ కోర్సు మీద ఎఫ్-1 విద్యార్థి వీసా నిలబడదు. హాస్పిటల్ కట్టే ఫీజులో ఏడాదికి 5,250 డాలర్ల దాకా పన్ను ఉండదు. 2025 చట్టం వల్ల 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ (మాస్టర్స్ లాంటి పై చదువులకిచ్చే ఫెడరల్ లోన్) లేదు, మిగిలే లోన్‌కు ఏడాది పరిమితి ఉంది. లోన్ చాలకపోతే మిగతాది ఎలా కడతారో ముందే లెక్క వేసుకోవాలి.

మీ హాస్పిటల్ గ్రూపుకే పిల్లల క్లినిక్, మహిళల క్లినిక్ ఉండి, ఆ గ్రూపుకూ కాలేజీకీ ఇప్పటికే అగ్రిమెంట్ అమల్లో ఉంటే చేరొచ్చు. మీరు ఆ రాష్ట్రంలోనే ఉండబోతున్నట్లయితేనే సుమా. అవి లేకపోతే, ప్లేస్‌మెంట్ తామే ఇస్తామని రాసిచ్చే ప్రభుత్వ యూనివర్సిటీకి క్రెడిట్‌కి కాస్త ఎక్కువైనా కట్టమంటాను. సలహాదారు ఫోన్‌లో ఇచ్చే హామీని లెక్కలోకి తీసుకోకండి. మీ జిప్ కోడ్‌కి 50 మైళ్ల లోపు అగ్రిమెంట్ అమల్లో ఉన్న పీడియాట్రిక్ సైట్లు ఎన్నో ఈమెయిల్‌లో అడగండి, జవాబు వచ్చాకే ఫీజు కట్టండి.