ఇండోనేషియా వార్తల్లో నేను ముందు చదివేది కార్టూన్

జకార్తాకు ఉద్యోగం మీద వచ్చే మనవాళ్లు మొదట ఇల్లు, స్కూలు, కిరాణా గురించి అడుగుతారు. కొన్ని నెలలు గడిచాక, "ఈ దేశంలో ఏం జరుగుతోందో తెలియాలంటే ఏం చదవాలండీ?" అంటారు. ఇక్కడి పత్రికల్లో వచ్చే వ్యంగ్యం చదవండి అని చెబుతాను. దినపత్రికల కార్టూన్లు, ఆదివారం కామిక్స్, వారపత్రికల ముఖచిత్రాలు, మా వీధి వాట్సాప్ గ్రూపులో తిరిగే మీమ్‌లు నేను ఏళ్ల తరబడి చదువుతున్నవి. వాటిలో ఏది ఎవరికి పనికొస్తుందో, ఎక్కడ నిరాశ పడతారో రాస్తున్నాను.

ముందు విదేశీయుల జోకుల గురించి చెప్పాలి. ఎందుకంటే కొత్తగా వచ్చినవాళ్లకు మొదట పరిచయమయ్యేవి అవే. ట్రాఫిక్ జామ్, టైముకు రాని ప్లంబరు, ఇంట్లో పనిచేసే అమ్మాయికి అర్థంకాని ఇంగ్లీషు, సిగ్నల్ దగ్గర పోలీసు. పార్టీల్లో ఇవే తిరుగుతుంటాయి. మన తెలుగువాళ్ల గ్రూపుల్లోనూ ఇవే. ఈ జోకులన్నీ జీతం తక్కువ ఉన్న మనిషి మీదే పడతాయి. నాకు ఇవి నచ్చవు. ఇండోనేషియన్లు తమ దేశం మీద వేసుకునే జోకులు చదవడం మొదలుపెట్టాక అసలే నచ్చడం లేదు. వాళ్ల జోకు ఎప్పుడూ కుర్చీలో కూర్చున్నవాడి మీదకే వెళ్తుంది.

2016 వరకు సుదీర్మాన్, థమ్రిన్ రోడ్ల మీద రద్దీ వేళల్లో కారులో ముగ్గురు ఉండాలనే నిబంధన ఉండేది. ముగ్గురు లేనివాళ్ల కోసం రోడ్డు పక్కన 'జోకీ'లు వేలు పైకెత్తి నిలబడేవారు. కొంత డబ్బు తీసుకుని కారులో కూర్చునేవారు. పసిబిడ్డను ఎత్తుకున్న తల్లిని ఎక్కించుకుంటే ఒక్కసారికే ఇద్దరు లెక్కకు వచ్చేవారు. విదేశీయులు ఆ జోకీల ఫొటోలు తీసి నవ్వుకునేవారు. ఇక్కడివాళ్లు నవ్వింది ఆ నిబంధన పెట్టినవాళ్లను చూసి, కారు కొనగలిగినవాడు రూలును కూడా కొనుక్కుంటున్నాడని. ఆ ఏడాదే దాన్ని తీసేసి సరి-బేసి నంబర్ల పద్ధతి తెచ్చారు.

ఇక పత్రికలు. నా వాడకంలో మొదటి స్థానం కొంపాస్‌ది. 1965లో పి.కె. ఓజోంగ్, యాకోబ్ ఉతామా ప్రారంభించిన దినపత్రిక ఇది. ఇందులో 'ఓమ్ పాసికోమ్' అనే పాత్ర 1967 నుంచి ఉంది. టోపీ, అతుకుల కోటు వేసుకున్న పెద్దమనిషి. మధ్య జావాలోని క్లాతెన్ నుంచి వచ్చిన జి.ఎం. సుదార్త గీశారు. ఆయన 2018లో చనిపోయారు. ఓమ్ పాసికోమ్ కేకలు వేయడు, వేలు చూపించడు. వార్త పక్కన నిలబడి, మనకు కనబడనట్టున్న సంగతిని మర్యాదగా చూపిస్తాడు. మొదట్లో నాకు ఈ మర్యాద చప్పగా అనిపించింది. మన దినపత్రికల కార్టూన్లలో మంత్రి పొట్ట, ముక్కు, మాట అన్నీ నేరుగా దెబ్బతినడం చూసిన కళ్లకు ఇది సరిపోదు.

ఆ మర్యాద వెనక ఉన్న చరిత్ర తెలిశాక నా అభిప్రాయం మారింది. అప్పటి ప్రెసిడెంట్ సుహార్తో పాలనలో 1978 జనవరిలో కొంపాస్‌తో పాటు మరికొన్ని జకార్తా పత్రికలను మూయించారు. రెండు వారాల తర్వాత మళ్లీ అచ్చయింది. 1986లో సినార్ హరపాన్ అనే పెద్ద సాయంకాల పత్రికను మూసేశారు. ఆ కాలమంతా కొంపాస్ ఒక అడుగు ముందుకు, ప్రమాదం కనబడితే ఒక అడుగు వెనక్కి వేస్తూ బతికింది. సీనియర్ పాత్రికేయుడు రోసిహాన్ అన్వర్ దీనికి 'పీత జర్నలిజం' అని పేరు పెట్టారు. అలాంటి చోట ముప్పై ఏళ్లు, ఒక్క గీత ఎక్కువైతే పత్రిక మూతపడుతుందని తెలిసి కూడా రాజకీయ కార్టూన్ గీస్తూ పోవడం ఎంత కష్టమో ఆలోచించండి. పాత సంకలనాలు తిరగేస్తే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

అదే పత్రిక ఆదివారం సంచికలో 1979 నుంచి ద్వి కుందోరో గీసిన 'పంజి కోమింగ్' నాకు అన్నిటికంటే ఇష్టం. కథ మజపహిత్ సామ్రాజ్యంలో జరుగుతుంది, అంటే కొన్ని వందల ఏళ్ల కిందట. పంజి కోమింగ్, అతని మిత్రుడు పైలుల్ మామూలు మనుషులు. అధికారులు లంచం తీసుకోవడం, చెప్పింది చేయకపోవడం, పొగడ్తలకు పొంగిపోవడం అంతా రాజుల కాలపు వేషాల్లో నడుస్తుంది. చదివేవాళ్లకు మాత్రం ఆ వారం పేపర్లో చదివిన మంత్రి ముఖమే కనబడుతుంది. ఇవాళ్టి సంగతి నేరుగా అనలేని రోజుల్లో పాత రాజ్యం ఎంత పనికొచ్చిందో ఈ కామిక్ చూస్తే తెలుస్తుంది.

ఈ పద్ధతి జావాలో కొత్తదేం కాదు. ఇక్కడి తోలుబొమ్మలాట వాయాంగ్ కులిత్‌లో రాత్రంతా మహాభారతం నడుస్తుంటే, అర్ధరాత్రి దాటే వేళకు సెమర్, గరెంగ్, పెత్రుక్, బగొంగ్ వస్తారు. వీళ్లు వ్యాసుడి భారతంలో ఉండరు. అర్జునుడికి సేవకులు. కానీ ప్రభువులను ఎగతాళి చేస్తారు, ఊళ్లో ధరల గురించి, సర్పంచి గురించి మాట్లాడతారు. మన ఆంధ్ర, రాయలసీమ తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి చేసేది అదే పని. యోగ్యకర్తాలో మొదటిసారి వాయాంగ్ చూసినప్పుడు భాష సగం కూడా అర్థంకాలేదు. పెత్రుక్ నోరు విప్పగానే జనం ఎందుకు నవ్వారో మాత్రం అర్థమైంది. జావాకు వచ్చే ప్రతి తెలుగువాడికీ ఈ ఆట చూడమని గట్టిగా చెబుతాను. కార్టూన్లు ఆ తర్వాత చాలా తేలిక.

జకార్తా రోజువారీ బతుకు కోసం బెన్నీ రచ్మాది, మైస్ అనే ఇద్దరు కలిసి గీసినవి చదవండి. కొంపాస్ ఆదివారం సంచికలో 2003 నుంచి 2010 వరకు వచ్చాయి. నేను వాటిని పుస్తకాలుగానే చదివాను. బస్సులో నిద్రపోయేవాళ్లు, మాల్‌లో ఏమీ కొనకుండా తిరిగేవాళ్లు, పండక్కి సొంతూరు వెళ్లేవాళ్లు, కొత్త ఫోన్ చూపించుకునేవాళ్లు. భాష నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం నాకు కనబడలేదు. ఆఫీసులో డ్రైవర్లు, సెక్యూరిటీవాళ్లు మాట్లాడే జకార్తా భాష అందులో ఉన్నదున్నట్టుగా ఉంటుంది.

పోస్ కోతా కూడా చూడండి. 1970 నుంచి ఉన్న పత్రిక, నేరవార్తలు ఎక్కువ. దాని బొమ్మల అనుబంధంలో దోయోక్ అనే బక్కపలచని జావా మనిషి, తలకు బ్లాంకొన్ అనే జావా టోపీ పెట్టుకుని, బియ్యం ధర గురించి, స్కూలు ఫీజు గురించి గొణుగుతాడు. ఆ గొణుగుడు విన్నవాళ్లకు కొంపాస్ సంపాదకీయం కొంచెం దూరంగా అనిపిస్తుంది.

ధైర్యం విషయంలో మాత్రం తెంపో వారపత్రికకే నా ఓటు. 1971లో మొదలైంది. 1994 జూన్‌లో, పాత తూర్పు జర్మనీ యుద్ధనౌకల కొనుగోలు గురించి రాసిన తర్వాత, దెతిక్, ఎడితోర్ పత్రికలతో పాటు దీన్నీ నిషేధించారు. సుహార్తో దిగిపోయాక 1998 అక్టోబరులో తిరిగి వచ్చింది. దాని ముఖచిత్రాలే ఒక వ్యంగ్య విభాగం అనుకోవచ్చు. 2019 సెప్టెంబరులో అవినీతి నిరోధక సంస్థ కేపీకే అధికారాలు తగ్గించే చట్టం వస్తున్నప్పుడు, ప్రెసిడెంట్ జోకోవి వెనక గోడ మీద పొడుగు ముక్కు నీడ వేసి అచ్చేశారు. ఆ వారం మా ఆఫీసులో ఎవరి బల్ల మీద చూసినా అదే. 2025 మార్చిలో ఆ పత్రిక ఆఫీసుకు ఎవరో పంది తల పంపారు, కొద్ది రోజులకే తలలు తెగిన ఎలుకలు పంపారు. ప్రెసిడెంట్ కార్యాలయం తరఫున మాట్లాడే అధికారి ఒకరు ఆ పంది తలను వండుకోమని అన్నారు. ఆ మాట చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇలాంటి వాతావరణంలో ప్రతివారం అచ్చవుతున్న పత్రికకు చందా కట్టడం నా బాధ్యత అనుకుంటున్నాను. భాష రానివాళ్లకు 2000 నుంచి ఇంగ్లీషు సంచిక కూడా ఉంది.

ఇవన్నీ నా రోజువారీ జీవితంలో ఎలా పనికొచ్చాయో 2022 ఉదాహరణ చెబుతాను. ప్రపంచంలోనే అత్యధికంగా పామాయిల్ పండించే దేశంలో ఆ ఏడాది మొదట్లో వంటనూనె మాయమైంది. ప్రభుత్వం లీటరు 14,000 రూపయా అని ధర కట్టేసరికి షాపుల్లో అరలు ఖాళీ అయ్యాయి, క్యూలు పెరిగాయి. ఫిబ్రవరిలో సోయా గింజల ధర పెరిగిందని తెంపే (పులియబెట్టిన సోయా గింజల అచ్చు), తోఫు తయారుచేసేవాళ్లు మూడు రోజులు సమ్మె చేశారు. మా సందు చివర గోరెంగన్ (నూనెలో వేయించిన చిరుతిళ్లు) బండి నడిపే బాంగ్ (అన్న) దగ్గర వేయించడానికి నూనె లేదు, వేయించేందుకు తెంపే లేదు. అయినా రోజూ బండి తెచ్చి నిలబెట్టేవాడు. ఎందుకు తెస్తున్నావని అడిగితే, "ప్రభుత్వం ఉంది కదా పాక్ (సార్), అది కూడా రోజూ ఆఫీసుకు వస్తోంది" అన్నాడు. ఆ సంవత్సరం నేను విన్న మాటల్లో అంత పదునైనది మరొకటి లేదు. ఏప్రిల్ 28 నుంచి మే 23 దాకా పామాయిల్ ఎగుమతి ఆపేశారు. మనదేశం పామాయిల్ బాగా దిగుమతి చేసుకుంటుంది కాబట్టి అదే రోజుల్లో ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ కూడా నూనె ధర గురించే మాట్లాడేది. టీవీ వార్తల్లో అంకెలు చూశాను గానీ, ధర కట్టిన నూనె ఎందుకు కనబడకుండా పోతుందో నాకు అర్థమైంది ఆ నెలల కార్టూన్ల వల్ల, బండి దగ్గరి మాటల వల్ల.

2025 ఫిబ్రవరిలో మూడు కిలోల గ్యాస్ సిలిండర్లను చిన్న దుకాణాల్లో అమ్మకూడదన్నారు. ఎక్కడ చూసినా ఆడవాళ్ల క్యూలే. నాలుగో రోజుకు ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. మా ఆర్.టీ. (వీధి సంఘం) గ్రూపులో ఆ నాలుగు రోజుల్లో వచ్చినన్ని మీమ్‌లు ఎన్నికలప్పుడు కూడా రాలేదు. వాటిని పెట్టింది గృహిణులు.

ఇక లోపాలు. మొదటిది, ఈ వ్యంగ్యం చాలావరకు జావా చుట్టూనే తిరుగుతుంది. పాపువా, నుస తెంగారా, కలిమంతన్ మనుషుల కష్టాలు అందులో చాలా తక్కువ. ఇంత పెద్ద దేశానికి ఇది చిన్న లోటేం కాదు. రెండోది, పాత కామిక్స్‌లో ఆడవాళ్లు సగంసార్లు అందం కోసమో, సణుగుడు కోసమో ఉంటారు. ఇది నన్ను ఇబ్బంది పెడుతుంది, మా అమ్మాయికి ఆ పుస్తకాలు ఇచ్చేటప్పుడు మరీను. మూడోది భాష. బజారు భాష వచ్చినంత మాత్రాన పత్రిక భాష రాదు. సంక్షిప్త పదాలు అడుగడుగునా ఉంటాయి, మధ్యలో జావా మాటలు దూరతాయి. పక్కన కూర్చుని చెప్పేవాళ్లు ఉంటే ఆరు నెలల్లో దారిలో పడతారు. ఒంటరిగా అయితే చాలామంది మధ్యలో వదిలేస్తారు. ఫోన్‌లో కాకుండా కాగితం మీద చదవండి. కామిక్ గళ్లలో చిన్న అక్షరాలు ఫోన్ తెర మీద కనబడవు.

నాలుగో విషయం లోపం కాదు, హెచ్చరిక. వీసా మీద ఉన్నవాళ్లు చదవడం వేరు, ఫార్వర్డ్ చేయడం వేరు. ఇక్కడ 2008లో వచ్చిన ఎలక్ట్రానిక్ సమాచార చట్టం ఉంది, రెండుసార్లు సవరించారు. ఒక ఆసుపత్రి గురించి స్నేహితులకు ఈమెయిల్ రాసిన మహిళ 2009లో దాని కింద జైలుకు వెళ్లారు. కోర్టు ఆవిడను 204 మిలియన్ల రూపయా కట్టమంటే, దేశమంతా చిల్లర నాణేలు పోగుచేసి అంతకంటే చాలా ఎక్కువ జమచేసింది.  నా దృష్టిలో ఆ నాణేల కుప్ప ఈ దేశం గీసిన అతిగొప్ప కార్టూన్. 2025 మేలో బాండుంగ్‌లో ఒక విద్యార్థినిని ఇద్దరు ప్రెసిడెంట్ల మీద చేసిన మీమ్ కోసం అరెస్టు చేశారు, జనం గొడవ చేశాక కస్టడీ నుంచి విడిచారు. కాబట్టి గ్రూపులో వచ్చిన మీమ్‌కు నవ్వండి, మీ పేరు మీద బయటకు పంపకండి. ఈ భయం విదేశీయుడికి కొత్త గానీ, ఇక్కడి కార్టూనిస్టులు దానితోనే రోజూ పనిచేస్తారు.

కొత్తవాళ్లకు నా సలహా ఇది. బెన్నీ, మైస్ పుస్తకం ఒకటి పాత పుస్తకాల షాపులో కొనండి. దక్షిణ జకార్తాలో బ్లాక్ ఎం బేస్‌మెంట్‌లో దొరుకుతాయి. దాన్ని మీ ఆఫీసులో ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి, డ్రైవరైతే ఇంకా మంచిది. తర్వాత ఆదివారం కొంపాస్, ఆ తర్వాత తెంపో. రోజూ ఒక కార్టూన్ కత్తిరించి, కింద ఏ వార్త గురించో రాసి పెట్టుకోండి. అర్థంకానిది ఉంటే మర్నాడు ఎవరినైనా అడగండి. నన్ను ఎవరూ ఇంతవరకు విసుక్కోలేదు. పైగా కుర్చీ లాగి కూర్చుని, ఆ కార్టూన్‌లో లేని ఇంకో రెండు సంగతులు చెప్పి వెళ్లారు.