రాణిగంజ్‌లో కొన్న బౌల్ గౌజ్ రివ్యూ: అది నిజంగా ఎం2 స్టీలేనా?

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక టూల్స్ షాపులో తీసుకున్నా, హాఫ్ ఇంచ్ బౌల్ గౌజ్ (లేత్ మీద కర్ర గిన్నెలు తొలిచే ఉలి), చైనా మేక్, షాంక్ (కడ్డీ) మీద "ఎం2 హెచ్‌ఎస్‌ఎస్" అని లేజర్‌తో రాసుంది (హెచ్‌ఎస్‌ఎస్ అంటే హై స్పీడ్ స్టీల్, వేడికి తట్టుకునే స్టీల్, ఎం2 అందులో ఒక రకం). లేజర్‌తో ఎవడైనా ఏమైనా రాస్తాడు కాబట్టి నేను రాతని నమ్మను, అందుకే ఈ రివ్యూలో సగం గౌజ్ గురించి, సగం ఆ స్టీల్‌ని ఎలా చెక్ చేశానో దాని గురించి ఉంటుంది.

ముందు షాపు సంగతి. "ఏం స్టీల్ సేట్ ఇది?" అంటే "హెచ్‌ఎస్‌ఎస్ సాబ్, ఫుల్ గ్యారంటీ" అన్నాడు, ఇది అందరూ చెప్పేదే. హెచ్‌ఎస్‌ఎస్ అనేది ఒక గ్రేడ్ కాదండీ, అందులో చాలా రకాలున్నాయి. చైనా సరుకులో 6542 అంటే ఎం2తో సమానం, 4341 అంటే టంగ్‌స్టన్, మాలిబ్డినం తగ్గించిన చవక రకం, రెండిటినీ హెచ్‌ఎస్‌ఎస్ అనే అమ్ముతారు. నేను 6542 ఆ 4341 ఆ అనడిగితే సేట్ లోపలికెళ్లి డబ్బా తెచ్చి లేబుల్ చూపించాడు, 6542 అనే ఉంది. "డౌటుంటే వెనక గ్రైండర్ ఉంది, పట్టి చూసుకోండి" అన్నాడు. నా వరకు షాపుకి ఫుల్ మార్కులు అక్కడే పడిపోయాయి, ఎందుకంటే కొత్త టూల్‌ని గ్రైండర్‌కి పెట్టనిచ్చే షాపులు చాలా తక్కువ.

నిప్పురవ్వల టెస్ట్ ఖర్చు లేనిది, కళ్లజోడు ఒక్కటి పెట్టుకోండి చాలు. మామూలు కార్బన్ స్టీల్ పడితే తెల్లగా పసుపుగా రవ్వలొచ్చి చివర్లో కాకరపువ్వొత్తిలా చిట్లుతాయి. ఎం2 అయితే మసక ఎరుపు నారింజ గీతలు, చిట్లడం బాగా తక్కువ. ఒక్కదాన్నే చూస్తే అర్థం కాదు, పక్కన తెలిసిన ముక్క ఉండాలి, నేను ఒక పాత ఆకురాయి (అది కార్బన్ స్టీల్), ఒక మంచి కంపెనీ హెచ్‌ఎస్‌ఎస్ డ్రిల్ బిట్ జేబులో వేసుకెళ్లా. గౌజ్ రవ్వలు అచ్చం డ్రిల్ బిట్ లాగే వచ్చాయి. ముందువైపు పట్టాక వెనక హ్యాండిల్‌లోకి పోయే చివర కూడా పట్టి చూడండి, కొన్నిట్లో ముందు రెండు మూడు అంగుళాలే హెచ్‌ఎస్‌ఎస్, మిగతాది మామూలు ఇనుము అతికిస్తారు. అది దొంగ సరుకు అనలేం గానీ డబ్బులు మొత్తం కడ్డీకి ఇచ్చేటప్పుడు తెలిసుండాలి కదా.

అయస్కాంతం పెట్టి చూసే వాళ్లుంటారు, వేస్ట్, రెండు స్టీళ్లూ అంటుకుంటాయి. ఆకురాయితో గీకితే జారిపోతే గట్టిగా ఉందని తెలుస్తుంది, అంతే, బాగా హార్డెన్ చేసిన కార్బన్ స్టీల్ మీద కూడా జారుతుంది. తేడా తెలిసేది వేడి దగ్గర: కార్బన్ స్టీల్ 300 డిగ్రీల ప్రాంతంలో నీలం రంగు తిరిగితే టెంపర్ (గట్టిదనం) పోయి మెత్తబడుతుంది, ఎం2 ఐదొందల పైచిలుకు వరకు తట్టుకుంటుంది. మా బావమరిది ఆన్‌లైన్‌లో చెక్కపెట్టెలో వచ్చే 8 పీసుల సెట్ తెప్పించాడు, హెచ్‌ఎస్‌ఎస్ అనే రాశారు, ఒక దాని మూల నీలం వచ్చేదాకా గ్రైండర్‌కి పెట్టి చల్లారాక ఆకురాయి వేస్తే వెన్నలా కొరికింది. నా గౌజ్ కూడా అలాగే చేశా, మూల నీలంగానే ఉంది, ఆకురాయి మాత్రం జారింది.

ఇంకా పురుగు కుడుతుంటే బాలానగర్‌లో మెటల్ టెస్టింగ్ ల్యాబ్‌కి తీసుకెళ్లి ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ (ఎక్స్‌రేలతో లోహంలో ఏమేం కలిశాయో చెప్పే పరికరం) పెట్టించా. టంగ్‌స్టన్ 6, మాలిబ్డినం 5, క్రోమియం 4, వెనేడియం 2 శాతం, అటూ ఇటూగా అన్నీ ఎం2 లెక్కకి సరిపోయాయి. ఆ గన్ కార్బన్ చదవలేదు, దానికి స్పెక్ట్రో (స్పార్క్ కొట్టి చూసే టెస్ట్) వేయాలి, గౌజ్ మీద మచ్చ పడుతుంది, నేను వద్దనుకున్నా. ఒక్క గౌజ్ కోసం ల్యాబ్ అక్కర్లేదనే చెప్తా, నలుగురు కలిసి ఆర్డర్ పెడుతుంటే ఒక పీస్ చూపించుకోండి.

పని ఎలా ఉంది? ఎండిన తుమ్మ గిన్నె మీద కార్బన్ స్టీల్ గౌజ్ అయితే మాటిమాటికీ గ్రైండర్ దగ్గరికి పోవాలి, ఇది చాలాసేపు లాగింది. ఫ్లూట్ (కడ్డీలో పొడవునా ఉండే గాడి) లోపల పాలిష్ మాత్రం దారుణం, గీతలు అలాగే ఉన్నాయి, వాటర్ పేపర్‌తో నేనే రుద్దుకున్నా, లేకపోతే పదును అంచు ఎప్పుడూ రంపంలా ఉంటుంది. షెఫీల్డ్ నుంచి వచ్చే రాబర్ట్ సార్బీ లాంటివాటిలో ఈ తలనొప్పి ఉండదు గానీ ఇక్కడికొచ్చేసరికి ధర వేరే లెవెల్. ఇంకోటి, సైజు దగ్గర జాగ్రత్త, ఇంగ్లండ్ లెక్కలో హాఫ్ ఇంచ్ అంటే కడ్డీ 5/8 ఉంటుంది, అమెరికా లెక్కలో కడ్డీయే హాఫ్ ఇంచ్, నాకొచ్చింది ఆ సన్న కడ్డీ, లోతు గిన్నెలకి వణుకుతుంది.

ఏటికొప్పాక వైపు అంకుడు కర్ర మీద బొమ్మలు తిప్పే పనికైతే ఇంత ఖరీదు స్టీల్ అవసరమా అంటే నా ఉద్దేశంలో లేదు, మెత్తటి కర్ర, కార్బన్ స్టీల్ ఉలికి పదును నున్నగా వస్తుంది, సాన పట్టేటప్పుడు నీళ్లలో ముంచుతూ ఉంటే చాలు. ఎం2 ని మాత్రం కాలుతున్నప్పుడు నీళ్లలో ముంచకండి, అంచులో సన్న పగుళ్లొస్తాయి, గాలికి ఆరనివ్వండి.

5కి 4 ఇస్తా, ఒకటి పాలిష్‌కి కోత. హ్యాండిల్ పొట్టిగా ఉంది, ఆ షాపులో హ్యాండిల్ లేకుండా వట్టి కడ్డీ కూడా అమ్ముతారు, లేత్ ఇంట్లో ఉన్నవాళ్లు అది తీసుకుని హ్యాండిల్ సొంతంగా తిప్పుకోండి, ఎంతో కొంత మిగులుతుంది.