సగంలో తెగిన ఎక్స్‌ఎంఎల్: వుడ్‌స్టాక్స్ రైటర్‌పై ఒక సమీక్ష

లక్షల రికార్డులున్న నివేదికను ఎక్స్‌ఎంఎల్‌గా, అంటే సమాచారాన్ని ట్యాగుల మధ్య పెట్టి రాసే పత్రంగా, పంపవలసి వచ్చినప్పుడు మొత్తం పత్రాన్ని మెమొరీలో పేర్చుకోవడం కుదరదు కనుక, డేటాబేస్ నుంచి ఒక్కొక్క వరుస వచ్చినకొద్దీ రాసి పంపే పద్ధతినే ఎంచుకోవలసి వస్తుంది. జావాలో ఆ పనికి ఉన్న ప్రామాణిక మార్గం స్టాక్స్. జేఎస్‌ఆర్ 173 అనే జావా ప్రమాణ ప్రతిపాదనగా రూపొందిన ఈ ఇంటర్‌ఫేస్ 2006లో విడుదలైన జావా 6తో జేడీకేలో, అంటే జావా ప్రోగ్రాములు రాయడానికి వాడే ప్రామాణిక సాధనాల మూటలో, భాగమైంది. దానిని అమలుచేసే వాటిలో జేడీకేతో వచ్చే రైటర్‌నూ (ఎక్స్‌ఎంఎల్ రాసిపెట్టే భాగం), టాటు సలోరాంటా రాసిన వుడ్‌స్టాక్స్‌నూ నేను చాలాకాలంగా వాడుతున్నాను. అంతా సవ్యంగా సాగినంతసేపు రెండూ మంచివే. అందువల్ల వేగం సంగతి పక్కనపెట్టి, రాస్తుండగా మధ్యలో తప్పు జరిగితే ఇవి ఎలా ప్రవర్తిస్తాయన్నదే ఇక్కడ పరిశీలిస్తాను.

మాకు ఎదురైన అనుభవం చెబితే సమస్య తేలికగా అర్థమవుతుంది. రాత్రిపూట నడిచే ఒక ఎగుమతి పనిలో డేటాబేస్ కనెక్షన్ నడుమ తెగిపోయింది. ఎక్సెప్షన్ (తప్పు జరిగిందని జావా ఇచ్చే సంకేతం) వచ్చింది, లాగ్‌లో నమోదైంది, తప్పు జరిగినా జరగకపోయినా నడిచే ఫైనల్లీ బ్లాకులో మేము రాసుకున్న క్లోజ్ (రైటర్‌ను మూసే పిలుపు) కూడా బుద్ధిగా నడిచింది. అవతలి ప్రోగ్రాం మాత్రం ఏ అభ్యంతరమూ చెప్పకుండా ఆ పత్రాన్ని స్వీకరించింది, ఎందుకంటే అందులో తెరిచిన ప్రతి ట్యాగూ చక్కగా మూసి ఉంది; లేనివల్లా మిగతా సగం రికార్డులే. లెక్కలు కుదరడం లేదని అవతలివారు అడిగేదాకా మాకు విషయం తెలియలేదు.

కారణం వెతికితే తేలినది ఇది. వుడ్‌స్టాక్స్ రైటర్‌పై క్లోజ్ పిలిచినప్పుడు, ఇంకా తెరిచి ఉన్న ఎలిమెంట్లన్నిటికీ అది తనంతట తానే ముగింపు ట్యాగులు రాసేస్తుంది. ఆటోమేటిక్ ఎండ్ ఎలిమెంట్స్ అనే ఈ లక్షణం మొదటినుంచీ పనిచేసే స్థితిలోనే ఉంటుంది. అది రహస్యమేమీ కాదు, సెట్టింగుల పేర్లలోనే కనిపిస్తుంది. చదవకపోవడం మా తప్పు. అయినా ఈ డిఫాల్ట్‌తో నేను ఏకీభవించలేను. తెగిపోయిన పత్రం తెగిపోయినట్టే కనిపించాలి. విరిగిన ఎక్స్‌ఎంఎల్‌ను ఏ పార్సరైనా (పత్రాన్ని చదివి విడదీసే ప్రోగ్రాం) తిరస్కరిస్తుంది కాని, చక్కగా ముగిసిన అసంపూర్ణ పత్రాన్ని పట్టుకోగలిగే పార్సర్ ఉండదు. జేడీకే రైటర్ తన క్లోజ్‌లో ముగింపు ట్యాగులేవీ రాయదు; ముందుచూపుతో అలా చేశారో లేదో గాని, వైఫల్యం ఎదురైనప్పుడు కావలసిన ప్రవర్తన అదే. అలాగని దానితో నిశ్చింతగా ఉండడానికీ లేదు. పత్రం ముగిసిందని రైటర్‌కు చెప్పే రైట్‌ఎండ్‌డాక్యుమెంట్ పిలుపును ఫైనల్లీలో పెట్టేవారు చాలామంది ఉన్నారు. ఆ పిలుపు కూడా తెరిచి ఉన్న ట్యాగులన్నిటినీ మూసేస్తుంది కనుక ఫలితం మళ్ళీ అదే. ఆ పిలుపు ఉండవలసిన చోటు, తప్పు జరిగితే నడక అక్కడే ఆగిపోయే ట్రై బ్లాకులో, చివరి రికార్డు రాసిన తరవాతి వరుసలోనే.

ఇక వుడ్‌స్టాక్స్ నిజంగా మెప్పించే చోటు అక్షరాల తనిఖీ. ఎక్స్‌ఎంఎల్ 1.0 ప్రకారం కోడ్ సంఖ్య 32 కంటే తక్కువైన నియంత్రణ అక్షరాలలో ట్యాబు, లైన్ ఫీడ్, క్యారేజ్ రిటర్న్ తప్ప మరేవీ పత్రంలో ఉండకూడదు. వర్డ్ ఫైల్ నుంచి కాపీ చేసి ఫారంలో అతికించిన వ్యాఖ్యలలో కోడ్ 11 ఉన్న వర్టికల్ ట్యాబు తరచూ దూరుతుంది. రాసేవాటి సక్రమతను రైటర్ తనిఖీ చేయదని ఇంటర్‌ఫేస్ డాక్యుమెంటేషనే చెబుతుంది. జేడీకే రైటర్ ఆ మాటకు కట్టుబడి, అటువంటి అక్షరాన్ని కిమ్మనకుండా బయటికి పంపిస్తుంది. వుడ్‌స్టాక్స్ అక్కడికక్కడే ఎక్సెప్షన్ విసురుతుంది. అదే వద్దనుకుంటే, చెల్లని అక్షరం స్థానంలో మనం చెప్పిన అక్షరం రాసే హ్యాండ్లర్‌ను కూడా అమర్చుకోవచ్చు. వ్యాఖ్యల వంటి వాటికి ఖాళీని పెట్టే హ్యాండ్లర్ సరిపోతుంది కాని, ఖాతా సంఖ్యల వంటి వాటిలో అక్షరం మారడం కంటే పని ఆగిపోవడమే నయం. అయితే విసిరిన ఎక్సెప్షన్ రికార్డు మధ్యలో వస్తే, అప్పటికే రాసిన సగం రికార్డును వెనక్కి తీసుకోవడానికి దారి లేదు. అందుకే ఒక రికార్డుకు కావలసిన విలువలన్నిటినీ ముందుగా తెచ్చుకుని, తనిఖీ చేసుకుని, ఆ తరవాతే దాని మొదటి ట్యాగు రాయడం మేలు. అప్పుడు చెడ్డ రికార్డు ఒక్కటి లాగ్‌లోకి పోతుంది, మిగతావి సాగిపోతాయి.

ఇంటర్‌ఫేస్‌లోనే ఉన్న లోపాలకు ఏ లైబ్రరీనీ తప్పుపట్టలేము. ఈ రైటర్ ఆటోక్లోజబుల్ కాదు కనుక, తెరిచినవాటిని చివర తనంతట తానే మూసే ట్రై విత్ రిసోర్సెస్‌లో ఇమడదు. పైగా దానిని మూసినా అడుగున ఉన్న అవుట్‌పుట్ స్ట్రీమ్ మూతపడదు. ఆ స్ట్రీమ్‌ను ట్రై విత్ రిసోర్సెస్‌లో ఉంచి రైటర్‌ను విడిగా చూసుకోవడమే తేలిక. వుడ్‌స్టాక్స్ వాడేవారికి రెండింటినీ ఒకేసారి మూసే క్లోజ్‌కంప్లీట్లీ దొరుకుతుంది. సర్వ్‌లెట్‌లో (వెబ్ అభ్యర్థనలకు జవాబిచ్చే జావా ప్రోగ్రాం) రెస్పాన్స్ ఇచ్చే ప్రింట్‌రైటర్‌పై మాత్రం దేనినీ నిలబెట్టవద్దు: అది ఐఓ ఎక్సెప్షన్లను మింగేస్తుంది కనుక, క్లయింట్ వెళ్ళిపోయినా మీ లూప్ చివరి వరుస దాకా డేటాబేస్‌ను తోడుతూనే ఉంటుంది.

హెచ్‌టీటీపీ మీద పంపేటప్పుడు మరో చిక్కు. రెస్పాన్స్ బఫర్ (పంపేముందు డేటా పోగయ్యే చోటు) నిండి మొదటి ముక్క వెళ్ళిపోయాక, అంతా సవ్యమని చెప్పే 200 అన్న స్టేటస్‌ను సర్వర్‌లో తప్పు జరిగిందని చెప్పే 500గా మార్చలేము; అప్పుడు రెస్పాన్స్‌ను చెరిపేసే రీసెట్ పిలిస్తే ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్ వస్తుంది. సర్వ్‌లెట్లను నడిపే టామ్‌క్యాట్ సర్వర్‌లో ఆ బఫర్ మామూలుగా 8 కేబీయే కనుక, కొన్ని పదుల రికార్డులకే ఆ గడువు దాటిపోవచ్చు. ఇక్కడ ఎక్సెప్షన్‌ను పట్టుకుని మర్యాదగా ముగించడం కంటే దానిని పైకి పోనిచ్చి, ముక్కల ప్రసారంలో ముగింపు గుర్తుగా చివర రావలసిన సున్నా పొడవు ముక్క వెళ్ళకుండానే కనెక్షన్ తెగేలా చూడడం సరైనది. ఫైల్‌లోకి రాసేటప్పుడైతే తాత్కాలిక పేరుతో రాసి, పని పూర్తయ్యాకే అసలు పేరుకు మార్చుకోవచ్చు.

ఇన్ని చెప్పినా, కొత్త పనికి నేను ఎంచుకునేది వుడ్‌స్టాక్స్‌నే, ఆటోమేటిక్ ఎండ్ ఎలిమెంట్స్‌ను ఆపివేసిన తరవాత. ఆ డిఫాల్ట్ మారనంతవరకు ఐదుకు నాలుగు మార్కులే.