పానగల్లు చెలకలో నీటి రాకెట్: ఒక కిట్‌పై సమీక్ష

మా తొమ్మిదవ తరగతి పిల్లలకు న్యూటన్ మూడవ గమన నియమాన్ని ప్రతి ఏటా బెలూన్ ఊది, మూతి వదిలేసి చూపించేవాడిని. 2022 నవంబరు 18న హైదరాబాదుకు చెందిన స్కైరూట్ సంస్థ విక్రమ్-ఎస్ రాకెట్‌ను శ్రీహరికోట నుంచి ఎగరేసిన తరువాత ఆ బెలూన్ వారికి ఆనడం మానేసింది. మండే మందు నింపిన రాకెట్ ఇంజన్లను బడి పిల్లల చేతికి ఇవ్వడం నాకు సమ్మతం కాదు కనుక, ప్లాస్టిక్ సీసానే రాకెట్‌గా చేసుకుని నీళ్లతోనూ గాలి ఒత్తిడితోనూ ఎగరేసే కిట్ ఒకటి 1,150 రూపాయలకు ఆన్‌లైన్‌లో తెప్పించాను. వరి కోతలయ్యాక నల్లగొండ పక్కన పానగల్లు వైపు ఖాళీగా ఉన్న ఒక చెలకలో, రైతును అడిగి, రెండు నెలల్లో ఇరవైకి పైగా సార్లు దానిని ఎగరేశాము.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ కిట్‌లో లాంచర్ ఒక్కటే పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. తక్కిన సామాను దాదాపు అంతా మార్చుకోవలసిందే.

లాంచర్ నిజంగా శ్రద్ధగా చేసిన వస్తువు. సీసా మూతిలోకి బిగుతుగా దిగే గొట్టం, దాని చుట్టూ రబ్బరు వాషర్, సీసా మెడ అంచును రెండు వైపులా పట్టి ఉంచే కొక్కేలు, వాటిని ఒక్కసారిగా విడిపించే ఐదు మీటర్ల తాడు ఇందులో ఉన్నాయి. లోపల సైకిల్ ట్యూబుకు ఉండే వాల్వు వంటిదే ఉన్నందువల్ల ఎక్కించిన గాలి పంపులోకి వెనక్కి తన్నదు. ఒత్తిడి 60 పీఎస్ఐకి (చదరపు అంగుళానికి 60 పౌండ్లకు) చేరే వరకు సీసా కదలకుండా నిలబడుతుంది, తాడు లాగగానే వంకర పోకుండా నిట్టనిలువుగా లేస్తుంది. పదిహేనవ ప్రయోగం దగ్గర వాషర్ కోసుకుపోయి నీళ్లు కారాయి కాని, బోరు మోటార్లు బాగు చేసే దుకాణంలో అదే కొలతది ఐదు రూపాయలకు దొరికింది.

ఇక రాకెట్ సంగతి. కిట్‌తో వచ్చిన మూడు రెక్కలు అట్టవి. నీళ్లు చిమ్మే రాకెట్‌కు అట్ట రెక్కలు ఎలా ఇచ్చారో నాకు ఇప్పటికీ అంతుపట్టడం లేదు. రెండవ ప్రయోగానికే అవి నాని వాలిపోయాయి, రాకెట్ గాలిలో పల్టీలు కొట్టింది. వాటిని తీసేసి, ప్రచార బోర్డులకు వాడే సన్‌ప్యాక్ షీటుతో నాలుగు రెక్కలు కోసి, వెడల్పు టేపుతో అంటించాము. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి: కరిగించి అంటించే వేడి గమ్ము సీసా గోడను బలహీనపరుస్తుంది, ఆ తరువాత ఒత్తిడికి అది అక్కడే పగలవచ్చు. కిట్‌తో ఇచ్చిన చిన్న పుస్తకంలో ఈ మాట ఎక్కడా లేదు. పిల్లలు వాడే వస్తువు విషయంలో దీనిని నేను చిన్న లోపంగా చూడలేను. అలాగే కూల్ డ్రింక్ సీసానే వాడాలి. అది గ్యాసు ఒత్తిడిని తట్టుకునేలా తయారైనది, మంచినీళ్ల సీసా అలాంటిది కాదు.

థర్మాకోల్ ముక్కు మరీ తేలిక. రాకెట్ నిలకడగా పోవాలంటే దాని బరువు కేంద్రం, గాలి తోపుడు కేంద్రానికి (పక్క నుంచి తగిలే గాలి తోపుడంతా ఒకచోట పనిచేస్తున్నట్టు లెక్కించే బిందువుకు) కనీసం సీసా వ్యాసమంత పైన ఉండాలి. రెండు లీటర్ల సీసాకు అది సుమారు 11 సెంటీమీటర్లు. మొదటి కేంద్రం కోసం రాకెట్‌ను దారానికి అడ్డంగా వేలాడదీసి, ఏ పక్కకూ ఒరగని చోట గీత పెట్టాము. రెండవదాని కోసం రాకెట్ ఆకారాన్ని అట్ట మీద గీసి, కత్తిరించి, పెన్సిల్ మీద తూచాము. రెండు గీతల మధ్య నాలుగు సెంటీమీటర్లే ఉన్నాయి. ముక్కులో బంకమట్టి కొద్దికొద్దిగా మెత్తుతూ, ప్రతిసారీ మళ్లీ తూస్తూ, దూరం 12 సెంటీమీటర్లకు వచ్చే దాకా ఒక సాయంత్రమంతా కూర్చున్నాము. ఆ తరువాత ఖాళీ రాకెట్‌ను దారం కట్టి తల చుట్టూ గిరగిరా తిప్పితే ముక్కు ముందుకే పెట్టి తిరిగింది. పాఠ్యపుస్తకంలో మూడు పేజీలు చదివినా కలగని నమ్మకం పిల్లల ముఖాలలో అప్పుడు కనిపించింది.

పారాచూట్ వల్ల మాకు ఒక సీసా పోయింది. ముక్కు బిగుతుగా ఉండి ఊడిరాకపోవడంతో పారాచూట్ విచ్చుకోక రాకెట్ తలకిందులుగా వచ్చి దుక్కిలో జానెడు లోతు దిగబడింది. ముక్కు అంచును లోపలి వైపు గరుకు కాగితంతో రుద్ది, కాస్త పౌడర్ అద్దాక ఆ ఇబ్బంది తీరింది. చిరిగిన ప్లాస్టిక్ పారాచూట్ బదులు ఏం వాడాలని ఆలోచిస్తుండగా, వెనుక బెంచీ అమ్మాయి ఒకతె, "సార్, మా తాత పాత గొడుగు గుడ్డ ఉన్నది, అది జల్ది చిరగదు సార్" అన్నది. ఆ నల్లని గుడ్డే ఇప్పటికీ వాడుతున్నాము.

నీళ్లు మూడో వంతు, అంటే రెండు లీటర్ల సీసాలో 650 మిల్లీలీటర్ల వరకు పోయడం మాకు బాగా కుదిరింది. నీళ్లు ఎక్కువైతే బలాన్నిచ్చే గాలికి చోటు తగ్గుతుంది, తక్కువైతే ఆ గాలి వెనక్కి నెట్టడానికి తగినంత బరువు ఉండదు. ఎత్తును కోణమానినికి దారం, రాయి కట్టి, నలభై మీటర్ల దూరంలో నిలబడి కొలిచాము. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పగలంతా కదలకుండా నిలిచే నీడను చూస్తూ పెరిగిన పిల్లలు కనుక కోణాల లెక్క అనగానే ఉత్సాహంగా ముందుకు వచ్చారు. కిట్ ఇచ్చిన రూపంలో 27 డిగ్రీలు, అంటే కంటి ఎత్తు కలిపి దాదాపు 22 మీటర్లు వచ్చింది. మా మార్పులన్నీ అయ్యాక అదే 60 పీఎస్ఐ వద్ద 47 డిగ్రీలు, అంటే 44 మీటర్లు వచ్చింది.

మార్పులకు మాకు అయిన ఖర్చు నూట యాభై రూపాయలు దాటలేదు. పెట్టె విప్పగానే ఎగరేయాలనుకునే వారికి ఈ కిట్‌ను నేను సూచించను. రెండు మూడు సాయంత్రాలు కూర్చుని చేసే ఓపిక ఉన్న ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు నిస్సంకోచంగా కొనవచ్చు. పంపు మాత్రం కిట్‌లో రాదు. ఒత్తిడి చూపే మీటరు ఉన్న సైకిల్ పంపు విడిగా తీసుకోవాలి. గాలి కొట్టే పిల్లవాడికి కళ్లద్దాలు పెట్టాలి, తక్కిన వారిని తాడు పొడవు కంటే దూరంగా నిలబెట్టాలి, గీతలు పడిన సీసాను మళ్లీ లాంచర్ మీదికి ఎక్కించకూడదు.