రోహిణీ కార్తెలో నెల్లూరు: ఆరుబయట ఒక పాత ఆర్కెస్ట్రా

రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో నెల్లూరు ప్రయాణమేమిటి, అదీ మైదానంలో కూర్చుని పాటలు వినడానికా అని ఒంగోలులో అందరూ వారించారు. నేను వెళ్లింది గాయకుల కోసం కాదు, వాయించేవాళ్ల కోసం. నలభై ఏళ్లకు పైబడి కలిసి ఉన్న ఆర్కెస్ట్రా అది. ఈ రోజుల్లో చాలా వేదికల మీద ముందే రికార్డు చేసిన వాద్యాల ట్రాకు నడుస్తుంటుంది, గొంతు మాత్రమే మనుషులది. వీళ్లు మాత్రం లీడ్ గిటారు, బేస్ గిటారు, అకార్డియన్, తబలా, డ్రమ్స్ అన్నీ ఇప్పటికీ చేతులతోనే వాయిస్తారు. అందరికీ అరవై దాటాయి. ఇంకెన్నాళ్లు ఇలా కలిసి వేదిక ఎక్కగలరో తెలియదు కనుక ఎండను లెక్కచేయదలుచుకోలేదు.

రోజు కూడా తగినదే. జూన్ 4 ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పుట్టినరోజు. 1946లో పుట్టిన ఆయన, సినిమాల్లో నిలదొక్కుకోకముందు ఇలాంటి బృందాన్నే నడిపారు. అందులో ఇళయరాజా మొదట గిటారు, తర్వాత హార్మోనియం వాయించారు. ఇళయరాజా సోదరులు భాస్కర్, గంగై అమరన్ కూడా ఆ బృందంలో ఉన్నారు. ఊరూరా తిరిగి కచేరీలు చేసే ఆర్కెస్ట్రాలను చిన్నచూపు చూసేవాళ్లకు ఈ సంగతి తెలియాలి.

అమ్మను కూడా తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి బస్సు కంటే రైలే నయం కాబట్టి ఉదయం పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. కావలి, బిట్రగుంట దాటి పెన్నా వంతెన మీదుగా ఊళ్లోకి ప్రవేశిస్తుంది. పినాకిని అన్నది పెన్నకే మరో పేరు. ఎండాకాలం నదిలో నీటికన్నా ఇసుకే ఎక్కువ కనిపించింది.

బస గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే వేసవి కచేరీకి వెళ్లేవాళ్ల సుఖం సగం దాని మీదే ఆధారపడి ఉంటుంది. స్టేషనుకు దగ్గరలోని ఒక లాడ్జిలో ఫోను మీద గది మాట్లాడుకున్నాం. లిఫ్టు ఉందన్నారు. తీరా వెళితే అది పని చేయడం లేదు, గది మూడో అంతస్తులో ఉంది. ఏసీ ఉన్నా, పడమటి గోడకు ఆనుకున్న ఆ గది మధ్యాహ్నానికల్లా పొయ్యిలా కాగింది. బయానా పోయినా సరేనని ట్రంక్ రోడ్డు వైపు మరో హోటలుకు మారాం. అద్దె మూడు వందలు ఎక్కువే. కానీ కింది అంతస్తులోనే గది, రెండు పూటలా నీళ్లు, రాత్రి ఆలస్యంగా వచ్చినా విసుక్కోకుండా తలుపు తీసే కాపలా మనిషి. నెల్లూరులో వేసవి గది తీసుకునేవాళ్లు అద్దె కంటే ముందు ఆ గది ఏ దిక్కుకు ఉందో అడగాలని నా సలహా. పై అంతస్తు, పడమటి గోడ రెండూ కలిస్తే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

మధ్యాహ్నం ఒక చిన్న మెస్సులో చేపల పులుసు తిన్నాం. మామిడికాయ ముక్కలు వేసి, నూనె పైకి తేలేదాకా మరిగించిన పులుసు. నిన్న వండినదే కావాలని పక్క బల్లల వాళ్లు అడిగి మరీ వడ్డించుకుంటున్నారు. వాళ్లను చూసి మేమూ అదే అడిగాం. అద్భుతంగా ఉంది.

కచేరీ వీఆర్సీ మైదానంలో. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్లు మోగకూడదన్న నిబంధన ఉంది కనుక ఆరున్నరకే మొదలుపెట్టారు. అప్పటికి నేల ఇంకా సెగలు కక్కుతూనే ఉంది. ఈ కాలంలో పడమటి గాలి బలంగా వీస్తే సముద్రపు గాలి ఊళ్లోకి ఆలస్యంగా వస్తుంది. ఆ సాయంత్రం అదే జరిగింది. మొదటి గంటలో గిటారు వాయించే ఆయన పాటకూ పాటకూ మధ్య తీగలు సవరించుకోవలసి వచ్చింది. సుమారు ఎనిమిదింటికి గాలి తిరిగింది. జనమంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నారు, కానీ తబలా ఆయనకు కొత్త పని పడింది. తేమకు చర్మం వదులై శ్రుతి దిగిపోతుంది కదా, చిన్న సుత్తితో గట్టాలను, అంటే తబలా పక్కన బిగించే చెక్క ముక్కలను, కొట్టి మళ్లీ శ్రుతికి తెచ్చుకున్నారు. అంతసేపూ అకార్డియన్ ఆయన ఊరికే కూర్చోకుండా ఒక పాత పల్లవిని మెల్లగా వాయిస్తూ సభను నిలబెట్టారు. ట్రాకుతో పాడే కచేరీలో ఈ ముచ్చట దొరకదు.

సంగీత దర్శకులు చక్రవర్తి, సత్యం బాణీలతో మొదలై ఇళయరాజా దగ్గరికి వచ్చేసరికి బేస్ గిటారు విశ్వరూపం చూపింది. ఆ పాటల్లో బేస్ కేవలం తాళం కొట్టదు, కింద వేరే పాట పాడుతుంటుంది. ఫోనులో వినేటప్పుడు దాదాపు మాయమయ్యే ఆ వరస ఇక్కడ గుండెకు తగిలింది. డ్రమ్స్ ఆయన చొక్కా తడిసి ముద్దయింది, వేగం మాత్రం తగ్గలేదు. "వీళ్లకు నా వయసే ఉంటుందిరా," అంది అమ్మ, కళ్లు వేదిక మీద నుంచి తిప్పకుండా.

సౌండ్ బాక్సులకు మరీ దగ్గరగా ఉన్న ముందు వరుసల కన్నా, మైదానం మధ్యలో మిక్సర్ పెట్టుకున్న చోటి వెనకే కూర్చోండి. శబ్దాన్ని సరిచేసే మనిషి తన చెవికి ఎలా వినిపిస్తే అలా దిద్దుతాడు కనుక అక్కడే అన్ని వాద్యాలూ సమంగా వినిపిస్తాయి. తాగునీళ్ల క్యాన్లు మైదానం నాలుగు మూలలా పెట్టారు, అడుగంటకముందే మార్చారు. దానికి నిర్వాహకులను మనసారా మెచ్చుకోవాలి. ఆడవాళ్ల మరుగుదొడ్ల ఏర్పాటు మాత్రం దారుణం. అంత మందికి రెండే, వాటికి వెళ్లే దారిలో దీపం లేదు. అమ్మలాంటి వాళ్లు దాహమేసినా నీళ్లు తాగకుండా ఓర్చుకున్నారు. రోహిణీ కార్తెలో అది ప్రమాదం. వచ్చే ఏడాది వేదిక అలంకరణ తగ్గించైనా దీన్ని సరిచేయాలి.

పదింటికి జనం ఒక్కసారిగా బయటికి రావడంతో ఆటోలు రెట్టింపు అడిగాయి. గాంధీబొమ్మ వైపు కాస్త దూరం నడవగలిగితే మామూలు ధరకే దొరుకుతాయి.

మర్నాడు మైపాడు బీచికి వెళ్దామా అనుకున్నాం కానీ, పాతిక కిలోమీటర్లు పోయి నీడలేని ఇసుకలో నిలబడటం ఈ నెలలో దండగ. దానికి బదులు పొద్దున్నే రంగనాయకులపేటలో తల్పగిరి రంగనాథుణ్ణి చూసి, పెన్న ఒడ్డున కాసేపు కూర్చున్నాం. అక్కడి నుంచి తిప్పరాజువారి వీధికి వెళ్లాం. అక్కడి తన ఇంటిని బాలు 2020 ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. బయటి నుంచే చూశాం. పాఠాల వేళ అది, లోపలికి వెళ్లి ఇబ్బంది పెట్టాలనిపించలేదు. మీరు వెళ్లినా ఎనిమిది లోపే ఇవన్నీ ముగించుకోండి. తొమ్మిది దాటితే గుడి ముందు రాళ్ల మీద చెప్పులు లేకుండా అడుగు వేయలేరు.