టెనెరీఫేలో ‘కొండ కనిపించే గది’ వద్దు

స్పెయిన్ వాళ్ల కానరీ దీవులకి వెళ్తున్నారా? వాటిలో ఒకటైన టెనెరీఫే ఉత్తరపు ఒడ్డున, ప్వెర్తో డి లా క్రూజ్ ఊళ్లో ‘టెయిదే వ్యూ’ (టెయిదే అంటే ఆ దీవిలోని అగ్నిపర్వతం) అని అదనంగా గుంజే గదుల జోలికి మాత్రం పోకండి. మామూలు గది రాత్రికి 78 యూరోలు, మాకు 92 వేశారు. జూలై నెల. కొండ ఉండాల్సిన చోట పొద్దస్తమానం బూడిదరంగు మబ్బే. కౌంటర్లో కుర్రాణ్ణి అడిగితే ‘రేపు కనిపిస్తుంది’ అన్నాడు. మర్నాడూ అదే మాట, అదే నవ్వు. తేడా డబ్బులు వెనక్కి ఇమ్మంటే, ‘కొండ ఎక్కడికీ పోలేదు కదా’ అట! మా ఆవిడ ఫక్కున నవ్వింది, నాకు ఒళ్లు మండిపోయింది.

అక్కడివాళ్లకి ఆ మబ్బు సంగతి తెలియక కాదు. ఈశాన్యం నుంచి వ్యాపార పవనాలు సముద్రపు తేమని తెచ్చి కొండకి కొడతాయి. పైన పొడిగా, వెచ్చగా ఉన్న గాలి పొర అడ్డుపడి మబ్బు పైకి లేవలేదు, కొండ నడుముకి చుట్టుకుని అక్కడే ఉండిపోతుంది. వేసవిలో ఇది మరీ ఎక్కువ. ఉత్తరాన అరటితోటలు, అనాగా అడవులు ఆ తేమ పుణ్యమే. దక్షిణాన లోస్ క్రిస్టియానోస్ వైపు ఎండ, రాళ్లు, ముళ్లచెట్లు.

టెయిదే చూడాలంటే మబ్బు దాటి పైకే పోవాలి. మేం వెళ్లినప్పుడు 348 నంబరు బస్సు పొద్దున ఒక్కటే ఉండేది, అదే ఎక్కాం. పైన్ అడవిలో అద్దాల మీద నీళ్లు కారుతున్నాయి, మలుపులకి మావాడి మొహం పాలిపోయింది. ఇంకాస్త ఎక్కామో లేదో, ఫెళ్లున ఎండ! ఎదురుగా 3715 మీటర్ల కొండ. కేబుల్ కార్ 3555 దాకానే, గాలి పెరిగితే ఆపేస్తారు. ఆపైన శిఖరానికి ముందే పర్మిట్ తీసుకోవాలి, మాకు దొరకలేదు. దగ్గర్లోని లా పాల్మా దీవిలో అగ్నిపర్వతం 2021లో బద్దలైన వీడియోలు చూసిన మావాడు ‘ఇదీ పేలుతుందా?’ అని ఒకటే గోల. ఈ దీవిలో లావా ఆఖరిసారి పారింది 1909లో అని చెప్పినా నమ్మలేదు.

బ్రెడ్డు తినలేక అలిగి కూర్చున్న మా అత్తగారిని మామూలు మనిషిని చేసింది పాపాస్ అరుగాదాస్. చిన్న బంగాళాదుంపల్ని తొక్కతోనే ఉప్పు దండిగా వేసి ఉడికించి, నీళ్లు వంపేసి, అదే గిన్నెలో తడి ఆరేదాకా కుదుపుతారు. తొక్క ముడతలు పడి, మీద ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. పక్కన ఎర్ర మోహో అనే పచ్చడి: మిరప, వెల్లుల్లి, జీలకర్ర, నూనె, వెనిగర్. ‘మన రోటి పచ్చడే కదర్రా ఇది!’ అంటూ ఆవిడ గిన్నె ఖాళీ చేసి ఇంకోటి అడిగారు. ప్లేటు 5.50, రెండో గిన్నెకి 1 యూరో. తింటే ఉత్తరపు ఊళ్లలోనే తినండి. దక్షిణాన బీచ్ పక్కన ఇదే ప్లేటుకి 9 తీసుకుని చల్లారిన దుంపలు పెట్టారు.